గెనిమలు

ఆదోని మార్కెట్ యార్డు వెనక సందులో
ముప్పై ఏండ్లు నేను మోటార్లు కాల్చినా.
బోరు మోటారు, పిండిమర మోటారు, జిన్నింగు మిల్లు మోటారు,
ఏదొచ్చినా ఒకటే వైద్యం:
పత్తికట్టె పేర్చి, నాలుగు చుక్కల కిరసనాయిలు.
పాత రాగి చుట్లు మాడి ఊడిపోయేవి.
తెల్లారేసరికి బూడిదలో ఇనుము చల్లారుతా ఉండేది.
దానికేం నొప్పి, అనుకునేవాన్ని.

పోయిన ఎండాకాలం షర్ఫుద్దీను కరెంటు ఆటో వచ్చింది.
కాల్చినా. చుట్టినా. వార్నీషు పోసినా. తిరిగింది.
నాలుగో రోజు మళ్లీ వచ్చి నిలబడినాడు.
"అన్నా, ఎమ్మిగనూరు పోయొచ్చే చార్జీ
తిరుగుదారిలో కోటేకల్లు కాన్నే అయిపోతాంది.
మోటారు మీద చెయ్యి పెట్టు."
పెట్టినా. పెనం.

మా అక్క బిడ్డ ఉరుకుందమ్మకు ఓర్వకల్లు పక్కన
మోటారు రేకులు కొట్టే కార్ఖానాలో పరీక్షగది పని.
ఫోన్లో ఒక ఫొటో చూపించింది.
నవ్వొచ్చింది నాకు.
"ఇది మన రేగడి చేను కదే, మే నెలలో!"
అవే నెర్రెలు. నెర్రెకూ నెర్రెకూ నడుమ పలకలు పలకలుగా అదే నేల.
"చేను కాదు మామా, రేకు ముక్క.
అద్దం మాదిరి రుద్ది ఆమ్లం చుక్క పెడితే
అది ముందు గట్లనే కొరుకుతాది."
ఊర్లోనూ అంతే.
తగువు మొదలయ్యేది గెనిమ కాన్నే.

ఇనుములో నూటికి మూడు పాళ్లు సిలికాన్ కలుపుతారంట.
ఎక్కువైతే అప్పడం మాదిరి విరుగుతాది,
తక్కువైతే లోపల సుడి కరెంట్లు తిరిగి కాగుతాది.
రోలర్ల కింద నలిపి నలిపి
రెండు రేకులు కలిపితే గోరంత మందం వచ్చేదాకా సాగదీస్తారంట.
అప్పుడు లోపలి కయ్యలన్నీ ఒక పక్కకే ఈడ్చుకుపోయి
ఒకదాని మీదొకటి ఒత్తుకొని పడుంటాయి.

తర్వాత నిప్పు.
నా నిప్పు కాదు. పొగ ల్యాదు, గాలి సోకదు, నిమిషాల లెక్క.
అందులో నలిగిన కయ్యలు పోయి కొత్తవి పుడతాయి.
పెద్దది పక్కనున్న చిన్నదాన్ని మింగుతాది.
గెనిమ జరుగుతాది.

"దీన్ని మా ఊర్లో కబ్జా అంటారు," అన్నా.
"మా కార్ఖానాలో ఎనీలింగ్ అంటారు," అంది.

గెనిమలు తగ్గితే అయస్కాంతానికి నడక సులువంట,
అడుగడుక్కీ కాలు తట్టుకోదు.
అట్లని మరీ పెంచినా చేటే,
వేగంగా తిరిగే బండికి పెద్ద కయ్యల్లో వేరే నష్టం.
ఎక్కడ ఆపాలో తెలిసినోడే కొలిమి మేస్త్రీ.
ట్రాన్స్‌ఫార్మర్ రేకులో కయ్యలన్నీ ఒక దిక్కే చూస్తాయి.
మోటారుకు అది కుదరదు. అయస్కాంతం గిర్రున తిరుగుతాంటాది,
ఏ దిక్కుకు పోయినా మొగం చూసి పలకరించేటోడు ఒకడుండాల.

"మరి నేనేం చెరిపినా?"
"రేకుకూ రేకుకూ నడుమ కంటికి ఆనని పూత ఉంటాది.
నీ పత్తికట్టె దాన్ని తినేసింది మామా.
వందల రేకులు ఒక్క ముద్దయి కూచున్నాయి."

నా చేతి మంటకు ఎన్ని బోర్లు ఎంత కరెంటు ఎక్కువ తాగినాయో
మీటర్లు ల్యాని చేన్లలో
ఎవరు లెక్క రాసినారు?

ఇప్పుడు కాల్చడం మానుకున్నా.
కొసలు కోసి, మెల్లగా వెచ్చజేసి, పట్టకారుతో పెరుకుతా.
రోజుకు మూడయ్యేవి ఒకటవుతాంది.
షర్ఫుద్దీనుకు కొత్త రేకుల కట్ట తెప్పిచ్చినా, సగం నా డబ్బు.

మొన్న వాని ఆటోలోనే మా ఊరి పక్కగా పోయినా.
బండికి చప్పుడు ల్యాకపోతే చేను బాగా కనబడతాది.
నెర్రెలు అట్లే ఉండాయి. గెనిమలే ల్యావు.
తుమ్మమొద్దుకు ఇవతల, పది అడుగుల్లో,
మా నాయన పార పట్టి వేసింది ఉండేది.
అవతల మాది. ఎకరన్నర.
ఇప్పుడు ట్రాక్టరు ఆ కొస నుంచి ఈ కొసకు
ఎక్కడా తట్టుకోకుండా వస్తాంది.

"కొంచెం ఆపు," అన్నా.
ఆపినాడు. ఏమైందని అడిగితే
దిగి, వంగి, మోటారు మీద చెయ్యి పెట్టినా.
చల్లగానే ఉంది.